తూలిన నడక

పోయిన సంవత్సరం ఉదయగిరి దగ్గర మా బడికి ఒక తండ్రి కొడుకును దింపడానికి వచ్చాడు. నడక తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది. "తాగొచ్చినావా బడికి?" అన్నాం, పిల్లల ముందరే. "లేదయ్యోరా, తల తిరగతా ఉంది" అన్నాడు. అతను యానాది, మేమూ యానాదులమే. అయినా నమ్మలేదు.

అతను జామాయిల్ కర్ర కొట్టే పనికి రంపచోడవరం వైపు పోయి మలేరియాతో తిరిగొచ్చాడు. ఆత్మకూరులో రక్తపరీక్ష చేయించుకుని మాత్రలు మింగాడు. జ్వరం పోయి మూడు వారాలైంది. ఇక దాని సంగతి అయిపోయిందనే కాలనీలో అందరూ అనుకున్నారు. నెల్లూరులో డాక్టర్లు చూశాకే అది జ్వరం వెనకాల వచ్చిన జబ్బని తెలిసింది.

ఫాల్సిపారం మలేరియా తగ్గి, రక్తంలో క్రిమి లేదని తేలాక కూడా, అరుదుగా కొందరికి రెండు నెలల లోపల మతి తప్పడం, ఫిట్సు, వణుకు వస్తాయి. కొందరికి చిన్నమెదడు ఒక్కటే దెబ్బతిని నడక, మాట తడబడతాయి. వియత్నాంలో పనిచేసిన వైద్యులు 1996లో ఈ జబ్బుకు పేరు పెట్టారు. వాళ్ల లెక్కలో వెయ్యిమంది రోగుల్లో ఒకరిద్దరికే వచ్చింది. తూలే రకాన్ని అంతకుముందే శ్రీలంకలో చూశారు. క్రిమిని తరిమిన శరీర రక్షణే పొరపాటున మెదడు మీద పడుతుందని వైద్యుల అంచనా. కావలివాడు దొంగ పోయాక ఇంటివాళ్లను కొట్టినట్టు. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో అదే తగ్గుతుంది. అయినా ఆస్పత్రికి పోవాల్సిందే, మలేరియా తిరగబెట్టినా ఇలాగే ఉండొచ్చు.

మన పెద్దవాళ్లను వేషం చూసి, నడక చూసి దొంగలన్నారు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవాళ్లను కావలి సెటిల్‌మెంటులో పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ కథ పిల్లలకు చెప్పే మేమే అదే కంటితో చూశాం. రోజూ సారా వాసన మధ్య బతికేవాళ్లం కదా, అనుమానం సులువు.

ఇంకా కష్టమైన ప్రశ్న ఒకటుంది. ఆ రోజు అతను నిజంగానే తాగి ఉంటే? అప్పుడు మేం అన్నమాట సరైనదే అయ్యేదా? తాగినవాడికీ జ్వరం వస్తుంది. "ఈమధ్య జ్వరం వచ్చిందా?" అని అడగడానికి అతను నిర్దోషి కావాల్సిన పని లేదు. మేం ముందు తప్పు తేల్చి, తర్వాత మనిషిని చూశాం.

నడక కుదురుకున్నాక వాళ్లింటికి పోయి క్షమించమన్నాం. "పోనీలే అయ్యోరా" అన్నాడు. నాలుగో తరగతి చదివే కొడుకు మాత్రం లోపలికెళ్లిపోయాడు. క్షమించమని అతన్ని అడిగాం గానీ, ఆ మాట విన్న పిల్లలను ఇంకా అడగలేదు.