కర్త లేని కీడు

లోకమున ఏదైన కీడు సంభవించినపుడు మనుష్యుని నోట మొదట వెలువడు ప్రశ్న "ఎట్లు జరిగినది?" అని కాదు, "ఎవరు చేసిరి?" అని. ఈ రెండు ప్రశ్నలకు గల భేదము స్వల్పముగ తోచును గాని, మొదటిది జ్ఞానమునకును రెండవది తరచుగా పగకును దారితీయును. కర్తయే లేని కీడు గలదా? ఉన్నచో దానికి బాధ్యులెవ్వరు? ఈ ధర్మసందేహమును ఒక సముద్రజీవి నిదర్శనముతో విచారింపదలచితిమి.

2025వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీ రాత్రి, ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరమందలి గ్రావ్‌లీన్ అణువిద్యుత్కేంద్రములో మూడు రియాక్టర్లు వానియంతట అవి నిలిచిపోయినవి. కొన్ని గంటలకు నాల్గవదియు నిలిచినది. తక్కిన రెండును మరమ్మతుకై అదివరకే ఆపబడియుండుటచే కేంద్రమంతయు స్తంభించినది. శత్రువులెవ్వరును రాలేదు, యంత్రమేదియు విరుగలేదు. జెల్లీచేపలు గుంపులుగ వచ్చి నీటి జల్లెడలకు అడ్డుపడినవి.

దీని విధమెట్టిదనగా: విద్యుత్కేంద్రములో చక్రమును త్రిప్పిన ఆవిరిని మరల నీరుగ జేయవలెను. అందుకు చల్లని నీరు ఎడతెగక కావలయును. తీరమందలి కేంద్రములు దానిని సముద్రమునుండి తోడుకొనును. చెత్త లోనికి రాకుండ తిరుగు జల్లెడల నమర్తురు. ఒక్కసారిగ అసంఖ్యాకములైన జెల్లీచేపలు వచ్చిపడినచో అవి పూడుకొనిపోవును, నీరు తగ్గును, అపాయము గలుగకముందే యంత్రము తానే ఆగిపోవును.

ఈ జీవి పేరునకు చేపయే గాని నిజమునకు చేప కాదు. దీనికి ఎముక లేదు, గుండె లేదు, మెదడు లేదు. దేహమున నూటికి తొంబదియైదు పాళ్లు నీరే. ప్రవాహమున కెదురీదు శక్తి దీనికి లేదు. క్రియయందు స్వాతంత్ర్యము గలవానినే వ్యాకరణశాస్త్రము కర్త యనును. ఆ స్వాతంత్ర్యమే లేని జీవి వచ్చుటను "దాడి" యనుట ఎట్లు యుక్తము?

అయినను మనుష్యుని మనస్సు కర్తను వెదకక మానదు. 1999వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీ రాత్రి ఫిలిప్పీను దీవులలో లూజాన్ ద్వీపము చీకటిలో మునుగగనే, సైనికులు తిరుగుబాటు చేసిరని వదంతి ప్రబలెను. విచారింపగా, సూఆల్ విద్యుత్కేంద్రపు నీటిదారిలో జెల్లీచేపలు చేరినట్లు తేలినది. సుమారు ఏబది లారీల జెల్లీచేపలను తోడిపోయవలసివచ్చెను.

ఆ వదంతిని జూచి నవ్వుటకు మనకు అధికారము లేదు. రోగము సోకినను, పశువు చచ్చినను, కారణము నరయు నోపిక లేక కర్తను కల్పించుకొనువారు మనలోను గలరు. 2022 జనవరిలో మా సమీపమందలి జగిత్యాలలో, మంత్రములు చేయుచున్నారను అనుమానముచే ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కుమారులను చంపిరి. లూజానులో పుట్టినది వదంతి మాత్రమే. ఇచ్చట ప్రాణములే పోయినవి. మూలమందలి దోషము మాత్రము ఒక్కటియే.

ఇక రెండవ దోషము గలదు. కర్త లేడుగదా యని, "అంతయు దైవఘటన" యని చేతులు ముడుచుకొనుట. ఇదియు సోమరితనమే. తాబేళ్లును కొన్ని చేపలును జెల్లీచేపలను తినును. మనుష్యుడు ఆ చేపలను వలలతో ఊడ్చి, తాబేళ్లను వలలలో జంపి, పొలముల ఎరువులను నదులగుండ సముద్రమున గలిపి, వీనికి అనుకూలము గావించుచున్నాడని కొందరు శాస్త్రజ్ఞులందురు. సుమారు ఇరువది ఏండ్ల కొకమారు ఇవి సహజముగనే హెచ్చి తగ్గుచుండునని 2013లో మరికొందరు చూపిరి. ఏ కారణపు పాలెంతయో వాదములో నున్నను, ముందుచూపు అనవసరమని ఎవ్వరును చెప్పలేదు. తమిళదేశపు కల్పాక్కములో 1984, 1986 సంవత్సరములలో ప్రారంభమైన అణువిద్యుద్యంత్రములకును ఈ బాధ కలిగినది. శాస్త్రజ్ఞులు ఎవ్వరిని నిందింపక, జల్లెడలపై బడిన జీవులను పరిశీలించి, 2000లో తమ ఫలితములను ప్రకటించిరి. ఇదియే సరియైన మార్గమని మేము తలంతుము.

సముద్రమునకు దూరముగ ముస్తాబాదులో నున్నవారికి ఈ చర్చ యేల యని చదువరులు అడుగవచ్చును. 1970లో ఏర్పడిన సిరిసిల్ల సహకార విద్యుత్సరఫరా సంఘపు తీగలు మా ఇండ్లకు దీపము నిచ్చుచున్నవి. ఆ తీగలు దేశమంతటి విద్యుజ్జాలములో భాగములు. దక్షిణ జాలము తక్కిన దేశముతో 2013 డిసెంబరు 31న ఏకమైనది. సిరిసిల్ల మరమగ్గమునకును తీరమందలి జల్లెడకును ఇట్లు సంబంధము గలదు. అటునుండి విద్యుత్తు వచ్చుచుండగా, ఇటునుండి మా పొలముల నీరు మానేరులో గలిసి, గోదావరిని జేరి, బంగాళాఖాతమునకు పోవుచున్నది.

అందరును బాధ్యులైనచో ఎవ్వరును బాధ్యులు కారని కొందరందురు. అది నిందకు చెల్లును గాని కర్తవ్యమునకు చెల్లదు. నిందకు ఒక తల కావలయును, కర్తవ్యమును పంచుకొనవచ్చును. తెలిసినవానికి తెలిసినంత, అనుభవించువానికి అనుభవించినంత పాలు గలదు. జల్లెడను కాచుట ఇంజనీరు వంతు. తాబేటిని వల విడిపించుట జాలరి వంతు. అవసరమునకు మించి ఎరువు చల్లకుండుట రైతు వంతు. ఊరక వెలుగు దీపము నార్పుట ఇల్లాలి వంతును, ఇంటి యజమాని వంతును గూడ.

ఇంట నేదైన చెడినపుడు "ఎవరు చేసిరి?" అని గద్దింపక, "ఎట్లు జరిగినది?" అని పిల్లలచే ఆలోచింపజేయుట మంచిది. ఆ యభ్యాసముతో పెరిగినవాడు నిరపరాధిపై చేయి యెత్తడు. తన వంతు పనినుండి తప్పించుకొనడు.