ర్యాంకరు మళ్ళీ శిష్యుడవగలడా

పేరున్న కాలేజీలో మొదటి వరసలో నిలిచినవాళ్ళలో కొందరు తరువాతి జీవితంలో అనుకున్నంత ఎదగకపోవడం ఎప్పుడూ ఉన్నదే. గర్వమనో, సోమరితనమనో, తలరాత అనో దాన్ని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. పరీక్షలో బయటపడే శక్తికీ, ఆ తరువాత బతుకు అడిగే శక్తికీ సంబంధం ఏమిటన్నది మాత్రం అంత తేలికగా తెగేది కాదు. తత్త్వచింతనలో ఇది విద్యకూ వివేకానికీ మధ్య నడుస్తున్న పాత తగవు. దీన్ని పరిశీలించడానికి పంతొమ్మిదో శతాబ్దపు కేంబ్రిడ్జి మంచి చోటు. అక్కడి ర్యాంకుల జాబితాలూ మిగిలాయి, ఆ ర్యాంకర్లు తరువాత ఏమయ్యారన్న వివరాలూ మిగిలాయి.

కేంబ్రిడ్జిలో గణితం ఆనర్స్ పరీక్షను ట్రైపాస్ అంటారు. అందులో మొదటి తరగతి వచ్చినవాళ్ళు రాంగ్లర్లు, వాళ్ళలో మొదటివాడు సీనియర్ రాంగ్లర్. 1899లో మరొకరితో సమంగా ఆ స్థానం పొందిన రఘునాథ పరాంజపేకు మన దేశంలో రాంగ్లర్ అన్న మాట జీవితాంతం పేరులో భాగమైపోయింది. ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లో అచ్చువేసిన పుస్తకంలో ఈ పరీక్ష లెక్కలు కొన్ని ఇచ్చాడు. రోజుకు ఐదున్నర గంటల చొప్పున ఎనిమిది రోజుల పరీక్ష, మొత్తం 17,000 మార్కులు. ఒక ఏడాది మొదటివాడికి 7,634, రెండోవాడికి 4,123, జాబితాలో చివరివాడికి 237 వచ్చాయి. ఆ చివరివాడికి తోటి విద్యార్థులు పెద్ద చెక్క గరిటె బహూకరించే వేడుక కూడా ఉండేది. ఇంత లెక్క చెప్పిన గాల్టన్ స్వయంగా చదువు ఒత్తిడికి ఆరోగ్యం దెబ్బతిని, ఆనర్స్ లేకుండానే డిగ్రీ పుచ్చుకుని బయటపడ్డవాడు.

కాలేజీ పాఠాలు నమ్ముకుంటే ఈ పరీక్షలో నెగ్గడం కష్టం. అందుకని ప్రైవేటు కోచ్‌లు పుట్టుకొచ్చారు. విలియం హాప్కిన్స్‌కు రాంగ్లర్లను తయారుచేసేవాడని పేరు. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ రౌత్ గురువును మించిపోయాడు. ముప్పై ఏళ్ళకు పైగా కోచింగ్ చెప్పి పాతికమందికి పైగా సీనియర్ రాంగ్లర్లను తీర్చిదిద్దాడు. చిన్న చిన్న బ్యాచ్‌లు, వారం వారం లెక్కల పేపరు, గడియారం చూసుకుంటూ సాధన. విజయవాడలోనో హైదరాబాదులోనో ఎంపీసీ చదివినవారికి ఇదేమీ వింతగా తోచదు. ఫలితాలు వచ్చిన రోజు కూడళ్ళలో వెలిసే ఫ్లెక్సీలు ఒక్కటే ఆనాడు లేవు.

1845లో సీనియర్ రాంగ్లర్ స్టీఫెన్ పార్కిన్సన్. తరువాత ఆయన కాలేజీ ట్యూటరయ్యాడు, యంత్రశాస్త్రం మీదా కాంతిశాస్త్రం మీదా పాఠ్యపుస్తకాలు రాశాడు. ఆ ఏడు రెండో స్థానంతో సరిపెట్టుకున్న విలియం థామ్సన్ తరువాత లార్డ్ కెల్విన్ అయ్యాడు. 1854లో మొదటివాడు రౌత్, రెండోవాడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. ఈ రెండు ఉదాహరణలు చూసి మొదటి ర్యాంకే శాపమనుకుంటే పొరపాటు. 1841లో స్టోక్స్, 1842లో కేలీ, 1843లో ఆడమ్స్ వరసగా సీనియర్ రాంగ్లర్లే. ముగ్గురూ తమ రంగాల్లో శిఖరాలే. కాబట్టి కొంత భాగం ఉత్త లెక్కల వ్యవహారం. రెండు కొలతలు పూర్తిగా ఒకటే కానప్పుడు ఒకదాంట్లో అందరికంటే పైన ఉన్నవాడు రెండోదాంట్లో కాస్త కిందికి జారడమే మామూలు. ఈ సగటు వైపు జారుడును తరువాతి రోజుల్లో గుర్తించి చెప్పినవాడూ ఆ గాల్టనే.

మిగిలిన భాగం లెక్కకు లొంగదు. పరీక్షలో ప్రశ్న మరొకరు ఇస్తారు. దానికి జవాబు ఉందన్న హామీ కూడా ప్రశ్నతోపాటే వస్తుంది. 1854 ఫిబ్రవరిలో స్మిత్ బహుమతి పరీక్షకు స్టోక్స్ ఇచ్చిన పేపరులో ఎనిమిదో ప్రశ్న ఒక సిద్ధాంతాన్ని నిరూపించమంటుంది. నేడు స్టోక్స్ సిద్ధాంతమని పిలిచేది అదే. అచ్చులో మొదట కనబడింది ఆ ప్రశ్నపత్రంలోనే. ఆ పరీక్ష రాసినవాళ్ళలో రౌత్, మాక్స్‌వెల్ ఇద్దరూ ఉన్నారు, బహుమతి ఇద్దరికీ సమానంగా వచ్చింది. పరీక్ష హాలు దాటాక మాక్స్‌వెల్ విద్యుత్తు, అయస్కాంతత్వాల వైపు నడిచాడు. అక్కడ ఏది ప్రశ్నో కూడా ఎవరూ చెప్పిపెట్టలేదు. ఏది అడగదగిన ప్రశ్న, దేనికి ఎన్నేళ్ళు ధారపోయవచ్చు అన్నది ఏ మోడల్ పేపరూ నేర్పదు.

అరిస్టాటిల్ నికోమాకియన్ ఎథిక్స్ ఆరో భాగంలో ఈ సంగతినే పట్టుకున్నాడు. చిన్న వయసులో గణితంలో దిట్ట కావచ్చు గాని వివేకి కావడం కుదరదంటాడు. గణితం సాధారణ సూత్రాల మీద నడుస్తుంది. వివేకానికి ఒక్కొక్క సందర్భంతో పరిచయం కావాలి, ఆ పరిచయానికి కాలం పడుతుంది. ఇరవై ఏళ్ళవాడి మార్కుల్లో నలభై ఏళ్ళవాడి తీర్పుశక్తిని చూడాలనుకోవడం ఈ లెక్కన మొదటే తప్పు.

అలస్డేర్ మాకింటైర్ 1981 నాటి ఆఫ్టర్ వర్చ్యూలో మరో కోణం చూపించాడు. ఒక పిల్లవాడికి చదరంగం నేర్పాలి. ఆడితే మిఠాయికి డబ్బులు, గెలిస్తే ఇంకొన్ని అని ఆశపెడతారు. మిఠాయి కోసమే ఆడుతున్నంతకాలం వాడు దొంగాట ఆడకుండా ఉండడానికి కారణమేమీ లేదు. ఎత్తులోని సొగసు, ముందుచూపు, పోటీలోని పదును వాడిని పట్టుకున్న రోజున గాని ఆట వాడిది కాదు. ర్యాంకు కూడా ఇలాంటి బయటి ఫలమే. మిఠాయి ఆగిపోయాక కూడా ఆడేవాడు ముందుకు పోతాడు. ఫలాపేక్ష గురించి గీత రెండో అధ్యాయం చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. కాకపోతే పరీక్ష రోజున పిల్లవాడికి ఆ శ్లోకం చెప్పేవారే ఫలితాల రోజున పక్కింటివాడి మార్కులు ఆరా తీస్తారు.

1898లో నాలుగో రాంగ్లరైన జి.హెచ్. హార్డీ తన చిన్ననాటి గణితమంతా తోటి కుర్రాళ్ళను ఓడించడానికేనని 1940లో దాపరికం లేకుండా రాశాడు. గణితమంటే ఏమిటో తనకు తెలిసింది ప్రొఫెసర్ లవ్ చెప్పగా జోర్డాన్ రాసిన ఫ్రెంచి గ్రంథం చదివాకనే అన్నాడు. అంటే కోచింగ్ ముగించిన మనిషి మళ్ళీ మొదటి పాఠానికి కూర్చున్నాడు. ర్యాంకుల పద్ధతిని ఎత్తేయాలని పోరాడినవాళ్ళలో ఆయన ఒకడు. వరస ప్రకారం జాబితా ప్రకటించడం 1909తో ఆగిపోయింది. 1913లో ఆయనకు మద్రాసు నుంచి ఉత్తరం రాసిన రామానుజన్, ఎఫ్.ఏ. పరీక్ష తప్పినవాడు.

మళ్ళీ కూర్చోవడమన్న ఈ పనిలోని కష్టాన్ని ఉపనిషత్తులు శ్వేతకేతువు కథలో దగ్గరగా చూపిస్తాయి. పన్నెండో ఏట గురుకులానికి పోయి, ఇరవై నాలుగో ఏట వేదాలన్నీ ముగించి, తనంతవాడు లేడన్న బిగువుతో తిరిగొచ్చిన కుర్రవాడు. ప్రవాహణ జైవలి అనే రాజు ఐదు ప్రశ్నలు అడిగితే ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాడు. అన్నీ నేర్పానని చెప్పావే అని ఇంటికొచ్చి తండ్రితో పేచీ పెట్టుకున్నాడు. బృహదారణ్యకం ఇక్కడ ఒక చిన్న సంభాషణ పెట్టింది. నాకు తెలిసినదంతా నీకు చెప్పాను నాయనా, పద, ఇద్దరం ఆ రాజు దగ్గర శిష్యులుగా ఉందామంటాడు తండ్రి. మీరే వెళ్ళండంటాడు కొడుకు. పండిపోయిన తండ్రి ఉద్దాలకుడు శిష్యుడిగా బయలుదేరతాడు, నిన్నగాక మొన్న చదువు ముగించినవాడు ఇంట్లోనే ఉండిపోతాడు.

ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో అదే కొడుకు మరోలా కనిపిస్తాడు. తండ్రి అతనితో పదిహేను రోజులు అన్నం మానిపించి, నీళ్ళు మాత్రం తాగనిచ్చి, పదహారో రోజున ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమంటాడు. ఒక్కటీ గుర్తుకు రాదు. అన్నం తిని వస్తే అన్నీ తిరిగి వస్తాయి. మనసు అన్నమయమని చెప్పడం అక్కడ ఉద్దేశం. పన్నెండేళ్ళు కష్టపడి సంపాదించినది తన సొంతమనుకున్నవాడికి అది పూట భోజనం మీద నిలబడి ఉందని తెలిసిరావడం దాంతోపాటు దక్కిన పాఠం. ఆ తరువాత శ్వేతకేతువు ప్రతి ఉపదేశం చివరా ఇంకా చెప్పమని అడుగుతూనే ఉంటాడు. మొదటి ర్యాంకు మనిషి నుంచి లాగేసుకునేది సాధారణంగా ఈ అడగడాన్నే. తెలియదని చెబితే పరువు పోతుందన్న భయం జాబితాలో చివరివాడికంటే మొదటివాడికే ఎక్కువ.

అయితే వెనకబడ్డవాళ్ళందరి లెక్కనూ స్వభావం ఖాతాలో వేయడం అన్యాయం. 1890లో ఫిలిప్పా ఫాసెట్ మార్కులు సీనియర్ రాంగ్లర్ మార్కులను దాటాయి. ఆడవాళ్ళ పేర్లు ఆ జాబితాలో వేరుగా చదివేవారు గనుక ఆమెను సీనియర్ రాంగ్లర్ కంటే పైన అని ప్రకటించారు గాని ఆ బిరుదు ఇవ్వలేదు. కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి డిగ్రీలు ఇచ్చింది 1948లో. కొన్నాళ్ళు న్యూనమ్ కాలేజీలో పాఠాలు చెప్పి, దక్షిణాఫ్రికాలో బడులు నెలకొల్పే పనికి వెళ్ళి, తరువాత లండన్ కౌంటీ కౌన్సిల్ విద్యాశాఖలో స్థిరపడిన ఆమె జీవితాన్ని గణితానికి నష్టమనవచ్చు. ఆమె వైఫల్యమని అనడానికి వీల్లేదు.

వెనకబడడం అన్న మాటకు కొలబద్ద ఎవరిదన్నది ఇక్కడే తేలాలి. మాక్స్‌వెల్ పక్కన పెట్టి రౌత్‌ను చిన్నవాడనడం అంటే 1854 జాబితాను తలకిందులు చేసి మళ్ళీ అదే జాబితా చదవడం. మాక్స్‌వెల్ 1868లో యంత్రాల వేగాన్ని అదుపుచేసే గవర్నర్ల మీద రాస్తూ, అవి ఎప్పుడు స్థిరంగా ఉంటాయన్న ప్రశ్నను సామాన్య రూపంలో పరిష్కరించలేక గణితవేత్తలకు వదిలిపెట్టాడు. కోచింగ్ చెప్పుకుంటూనే రౌత్ దానికి పరిష్కారం కనిపెట్టి 1877లో ఆడమ్స్ బహుమతి అందుకున్నాడు. నేడు బీటెక్ కంట్రోల్ సిస్టమ్స్ పేపరులో విద్యార్థులు గీసే రౌత్ పట్టిక ఆ పరిష్కారంలోదే.