పతకం అంచున ఉన్న పేరు

పాత యుద్ధ పతకం చేతికొస్తే చాలామంది ముందు రాణి బొమ్మ చూస్తారు. నేను అంచు చూస్తాను. సిపాయి పేరు, అతని దళం పేరు చెక్కేది అక్కడే.

1857–58 తిరుగుబాటును అణచినవాళ్లకు ఇచ్చిన పతకానికి తెల్ల రిబ్బన్, దాని మీద రెండు ఎర్ర చారలు. ఒకవైపు విక్టోరియా, రెండోవైపు దండ చేతబట్టిన బ్రిటానియా, పక్కన సింహం. పైన ‘సెంట్రల్ ఇండియా’ అన్న వెండి పట్టీ ఉంటే ఆ మనిషి బ్రిటిష్ జనరల్ హ్యూ రోజ్ సేనతో ఝాన్సీ దాకా నడిచి ఉండొచ్చు. ఆ సేనలో హైదరాబాద్ కాంటింజెంట్ ఉంది. మన దక్కన్ దండు బజార్ల నుంచి కదిలిన మనుషులే 1858లో లక్ష్మీబాయి కోటను ముట్టడించినవాళ్లలో ఉన్నారు.

వికారాబాద్‌లో ఉంటూ ఈ సంగతిని పరాయి చరిత్రగా చదవలేను. ఈ ఊరికి పేరిచ్చిన వికారుల్ ఉమ్రా పాయిగా అమీరు. నిజాం కోసం గుర్రపు దళాలను పోషించిన వంశం అది. కాంటింజెంట్ కథ వేరు. దాని పెత్తనం ఇంగ్లీషు అధికారులది, ఖర్చు నిజాంది. ఆ బాకీ కొండలా పెరగబట్టే 1853లో బేరారు, రాయచూరు దోఆబు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. పతకం మీద రాణి ముఖం ఉంది సరే, ఆ సిపాయి జీతం మాత్రం దక్కన్ రైతు కట్టిన శిస్తు. ఏ పతకమూ ఈ మాట చెప్పదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అదే కాంటింజెంట్‌లో తిరుగుబాటును అణచడానికి వెళ్లనన్నవాళ్లూ ఉన్నారు. జమేదారు చీదా ఖాన్ తిరగబడి హైదరాబాద్ వచ్చాడు, పట్టుబడ్డాడు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనంతో కలిసి హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద పడ్డారు. తుర్రేబాజ్‌ను 1859లో తూప్రాన్ దగ్గర చంపారు. మౌల్వీని అండమాన్ పంపారు. వాళ్ల కోసం ఎవరూ వెండి పోత పోయలేదు.

పంచిన పతకాల్లోనూ న్యాయం తక్కువే. 1817 డిసెంబరులో మహిద్‌పూర్ దగ్గర మరాఠాలతో జరిగిన పోరులో కాంటింజెంట్‌కు పూర్వరూపమైన హైదరాబాద్ రస్సెల్ బ్రిగేడ్ పాల్గొంది. ఆ యుద్ధానికి పతకం మంజూరైంది 1851లో, అదీ అప్పటికి బతికున్నవాళ్లకే. ముప్పై నాలుగేళ్లు బతికి చూపించాలి! ఎందరు సిపాయిలు అంత కాలం ఉండి ఉంటారు?

ఆ సిపాయిని ద్రోహి అనడం తేలిక. నేను అనను. కరువు కాలంలో నెల జీతం, వృద్ధాప్యంలో పింఛను చూపిన కొలువు అది. వీరుడని మొక్కనూ మొక్కను. అతను ఎవరి మీద కత్తి దూశాడో తెలుసు కదా. ఈ రెండు మాటలకూ మధ్య అతన్ని మనిషిగా నిలబెట్టాలంటే ముందు అతని పేరు ఉండాలి. ఆ పేరు చాలాసార్లు ఈ అంచు మీద తప్ప ఇంకెక్కడా దొరకదు. వెండి ధర కోసం పతకాన్ని కరిగించి కడియం చేయించుకున్న కుటుంబాలను తప్పుపట్టను. ఆకలికి చరిత్ర అడ్డం రాకూడదు. కానీ కరిగిన ప్రతిదానితో ఒక పేరు పోయింది.

అందుకే మెరుగు పెట్టించను. రుద్దిన కొద్దీ అక్షరాలు అరుగుతాయి. ప్రతి పతకం పక్కన ఒక కాగితం పెడతాను: అంచు మీది పేరు, ఆ దళానికి జీతమిచ్చిన ఖజానా, ఎదుట నిలిచి పోరాడిన పక్షం. మూడో గడికి పేర్లు దొరకడం కష్టం. తుర్రేబాజ్ ఖాన్ పేరు మాత్రం ముందే రాసి పెట్టాను.