సమ్మతి యెవరి సొత్తు?

తన్నుతాను ముందే యోడిన ధర్మరాజునకు, పిమ్మట తన్ను పణముగా నొడ్డు నధికార మెక్కడిదని ద్రౌపది కురుసభలో నడిగినప్పుడు, ధర్మము సూక్ష్మమని చెప్పి భీష్ముడంతటివాడు ఊరకుండెను. ఆ ప్రశ్న ద్యూతముతోనే ముగిసినదని తలచువారు ఖమ్మము జిల్లా యుదంతమును పరిశీలింపవలయును.

2009 జూలైలో అమెరికాకు చెందిన పాత్ అను సంస్థ, గేట్స్ ఫౌండేషన్ ద్రవ్యసహాయముతో, భారత వైద్య పరిశోధనా మండలితోను రాష్ట్ర ప్రభుత్వముతోను కలసి, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల వయస్సు గల బాలికలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు హెచ్‌పీవీ టీకాను వేయ నారంభించెను. సుమారు 14,000 మంది బాలికలు. వారిలో పలువురు తల్లిదండ్రులకు దూరముగా హాస్టళ్లలో చదువుకొను గిరిజన బాలికలు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వము దీనిని నిలిపివేసెను. విచారణలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రములలో 1,948 వేలిముద్రలతో నుండెను. 2,763 పత్రములపై హాస్టలు వార్డెన్లే సంతకములు చేసియుండిరి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘము ఈ వ్యవహారమును తీవ్రముగా గర్హించెను.

న్యాయముగా చెప్పవలసిన మాట యొకటి గలదు. ఆ టీకా చెడ్డది కాదు. నేడు అనేక దేశములు దానిని తమ బాలికలకు వేయుచున్నవి. ఆ కాలమున మరణించిన కొందరు బాలికల మృతికి టీకాయే కారణమని విచారణ తేల్చలేదు. ఈ కార్యక్రమము ప్రయోగమే కాదని నిర్వాహకులు వాదించిరి. అయినను నా మనస్సు సమాధానపడదు. ఏలయన, ఫలము మంచిదైనంత మాత్రమున, అడుగక తీసికొన్నది అడిగి తీసికొన్నట్లు కానేరదు. నారదస్మృతి దానమునకు పనికిరానివానిలో ఇతరులు దాచుమని యిచ్చిన నిక్షేపమును, పుత్రుని, భార్యను సైతము చేర్చినది: కాపాడుటకు చేతికి వచ్చినదానిని ధారపోయు స్వత్వము కాపరికి లేదని దాని యాశయము. తల్లిదండ్రులు బిడ్డను వార్డెనునకు అప్పగించునది అన్నము పెట్టి చదువు చెప్పించుటకు; ఆమె దేహమునుగూర్చి నిర్ణయించుటకు కాదు. 1947 నాటి న్యూరెంబర్గు నియమావళియు, 1964 నాటి హెల్సింకి ప్రకటనయు నాజీ వైద్యుల దురంతముల పిదప పాశ్చాత్యులు సమ్మతినిగూర్చి నేర్చిన పాఠములు. ఆ పాఠములను సముద్రము దాటునప్పుడు ఓడరేవులో విడిచి వచ్చు హక్కు ఏ పరిశోధకునకును లేదు. ఢిల్లీ యనుమతించినను, హైదరాబాదు ఆమోదించినను, ఆ రెండును కలసి ఒక కోయతల్లి అంగీకారమునకు సాటి రావు.

ఈ ప్రశ్న నేడు మన ముందరను గలదు. రాయపురమున (రాయ్‌పూర్) టాటీబంధులో 2012లో ఆరంభమైన ఎయిమ్స్ వైద్యాలయమునకు బస్తరు నుండి గోండీ, హల్బీ మాటలాడు రోగులు వచ్చుచున్నారు. శబరీ తీరమందలి కుంట ప్రాంతీయులకు మన తెలుగును తెలియును. హిందీలో అచ్చైన పత్రముపై వారి బొటనవ్రేలు పడినంతనే సమ్మతి సిద్ధించినట్లు కాదు. రాయపురమందలి తెలుగు వైద్యులారా, నర్సులారా, విద్యార్థులారా! అట్టివారిని ఏ పరిశోధనలో చేర్చవలసి వచ్చినను ప్రక్కన కూర్చుండి, వారి భాషలో విషయమంతయు చెప్పుడు; ఒల్లననవచ్చుననియు, ఒల్లనన్నచో చికిత్సలో లోప మేమియు రాదనియు ముందుగా చెప్పుడు.