చేతికి చిక్కని పిల్లి



పరిశుద్ధ గ్రంథంలో సింహం ఉంది, గాడిద ఉంది, గొర్రెపిల్ల అయితే మొదటి నుంచి చివరి వరకూ ఉంది. ఇంటి పిల్లి కావాలంటే మాత్రం బారూకు గ్రంథం 6వ అధ్యాయం దాకా వెళ్ళాలి. అక్కడైనా దాని గొప్ప చెప్పటానికి కాదు. బబులోను విగ్రహాల మీద గబ్బిలాలూ పక్షులూ వాలుతాయనీ, పిల్లులు కూడా ఎక్కి కూర్చుంటాయనీ, దీన్నిబట్టి అవి దేవుళ్ళు కావని గ్రహించమనీ చెబుతూ దాని పేరెత్తారు, అంతే.

కాని పిల్లి తిరగని విచారణ ఆవరణ ఎక్కడుంది? అన్నం పెడితే తింటుంది, చెయ్యి చాపితే గోడెక్కుతుంది. పెంపుడుదీ కాదు, అడవిదీ కాదు. అది ఎదురొస్తే పూజకు బయలుదేరిన వారు సైతం ఒక నిమిషం ఆగి వెళ్ళటం నేను చూస్తూనే ఉన్నాను. జ్ఞానస్నానం పొందిన వారికి ఈ శకునాల భయం ఎందుకో మరొక వారం మాట్లాడుకుందాం.

మా విచారణలో ఒక తల్లి ఆదివారం పూజ తరువాత వచ్చి ఇలా అడిగింది: "ఫాదర్ గారూ, మా పెరట్లోకి వచ్చే గండుపిల్లికి మెడ మీద చీముగడ్డ లేచింది. రెండు రోజులుగా ఏమీ ముట్టటంలేదు. పశువుల ఆసుపత్రికి తీసుకువెళదామని మా అమ్మాయి ఒకటే ఏడుపు. మా ఆయనేమో పిల్లికి ఆటో ఏమిటి, పక్కింట్లో మనిషికి మందులకు లేవు అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?"

ఆ తండ్రి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. పొయ్యిలో పిల్లి లేవని ఇళ్ళు మన విచారణలలో ఇంకా ఉన్నాయి. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఈ రెండు సంగతులూ చెబుతుంది (2415 నుంచి 2418 వరకు చూడండి). జంతువులు దేవుని సృష్టి, వాటిని దయగా చూడవలసిన బాధ్యత మనకుంది, అనవసరంగా బాధపెట్టటం మానవ గౌరవానికే విరుద్ధం. అలాగే, ముందుగా మనుష్యుల కష్టాలు తీర్చవలసిన డబ్బును జంతువుల మీద పోయటం కూడా తగదు. అయితే నాకు ఒక్క సందేహం. పక్కింటి రోగి మందుల డబ్బు మనకు పిల్లి ఆటో దగ్గరే ఎందుకు గుర్తుకొస్తుంది? విచారణ పండుగకు కట్టే ఫ్లెక్సీల దగ్గర, కాల్చే బాణసంచా దగ్గర ఎందుకు గుర్తుకు రాదు?

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన వారికి డెకార్ట్ గుర్తుంటాడు. జంతువు ఒక యంత్రం వంటిదని ఆయన వాదం. చీముగడ్డతో మూలుగుతున్న పిల్లిని చూస్తే ఆ వాదం నిలవదు. పునీత తోమాసు అక్వినాసు వారు జంతువులకు ఇంద్రియానుభవం గల ఆత్మ ఉందని అంగీకరించారు గాని, వాటిపట్ల క్రూరత్వం వద్దనటానికి ముఖ్య కారణంగా, అది అలవాటై మనుష్యుల మీదికి మళ్ళుతుందన్నారు. నిజమే, కాని అంతటితో సరిపోదని నా అభిప్రాయం. ప్రతి ప్రాణికీ దేవుని దృష్టిలో దాని విలువ దానికే ఉందని ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో 'లౌదాతో సీ' లేఖలో స్పష్టంగా బోధించారు. విశ్రాంతిదినాన ఎద్దు బావిలో పడితే వెంటనే తీయరా అని ప్రభువు అడిగినప్పుడు (లూకా 14వ అధ్యాయం) ఎవరూ మారు పలుకలేదు.

తీసుకువెళ్ళమన్నాను. అయితే ఎలా? ఒంట్లో బాగున్న పిల్లి అయితే, మూత ఉన్న బుట్టను నాలుగు రోజులు పెరట్లోనే తెరిచి ఉంచి, లోపల పాతగుడ్డ పరిచి, నాలుగు ఎండు నెత్తళ్ళు వేస్తే దానంతట అదే లోపలికి అలవాటుపడుతుంది. జబ్బుపడిన దానికి అంత వ్యవధి లేదు. తిండి మానేసి రెండు మూడు రోజులు గడిస్తే పిల్లికి కాలేయం దెబ్బతినే ప్రమాదముంది. కట్టెల చాటున ముడుచుకుని ఉన్నప్పుడు నెమ్మదిగా వెళ్ళి, మందపాటి దుప్పటి మడతలు వేసి దాని మీద కప్పి, ఆ దుప్పటితోనే ఎత్తి బుట్టలో దించి మూత కట్టాలి. వెంటపడి తరమకూడదు, గోనెసంచిలో కుక్కకూడదు. బుట్ట మీద గుడ్డ కప్పితే ఆ చీకటికి కొంత నెమ్మదిస్తుంది. రోజూ మాత్ర వేయటం కుదరదని డాక్టరుగారికి ముందే చెప్పండి, ఒక్కసారి ఇస్తే చాలా రోజులు పనిచేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం పొరపాటున కూడా వేయవద్దు, అది పిల్లి ప్రాణం తీస్తుంది. ఇక అది కరిచినా రక్కినా పసుపు, కారం అద్దకుండా, ధారగా పడే నీటిలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే మనుష్యుల ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ విషయంలో రేపు చూద్దామనటం ఉండకూడదు. పిల్లలను ఈ పనికి ఒంటరిగా పంపకండి.

చివరికి ఆ బుట్టను ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది ఆ తండ్రే. డాక్టరుగారు గడ్డ కోసి, చీము తీసి, సూది వేశారు. రెండు రోజులు కోళ్ళ గూటిలో ఉంచి తలుపు తీస్తే, అది వెనక్కి తిరిగి చూడకుండా గోడ దూకి వెళ్ళిపోయింది. "కాస్తయినా దగ్గరికి రాలేదు ఫాదర్" అని ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. ఆమెకు పదిమంది కుష్ఠరోగుల సంగతి గుర్తుచేశాను. తొమ్మిదిమంది తిరిగి రాలేదు, ప్రభువు ఆ మాట అడిగారు కూడా. కాని వారి స్వస్థతను వెనక్కి తీసుకోలేదు.

నొప్పిని దాచుకోవటం పిల్లి స్వభావం. మన విచారణలలోనూ అటువంటి వారున్నారు. పండుగ భోజనానికి వస్తారు, పలకరిస్తే గేటు దాటుతారు. తాగుడు వల్లనో, అప్పు వల్లనో, చెప్పుకోలేని జబ్బు వల్లనో. ఉపదేశిగారో పెద్దలో వారిని పదిమందిలో పట్టుకుని నిలదీస్తే మళ్ళీ కనిపించరు. వారి పేర్లు మీకు నాకంటే బాగా తెలుసు.

అక్టోబరు 4న, అస్సీసీపుర పునీత ఫ్రాన్సిస్ వారి పండుగనాడు, సాయంత్రం పూజ తరువాత మా దేవాలయ ఆవరణలో జంతువుల ఆశీర్వాదం ఉంటుంది. కుక్కలను గొలుసుతో, పిల్లులను మూత ఉన్న బుట్టలో తీసుకురండి. చేతికి చిక్కని వాటి కోసం తంటాలు పడవద్దు. ఒక సీసా తెచ్చుకుంటే పవిత్రజలం ఇస్తాను, పెరట్లో చల్లుకోండి.