కనబడని చోటి పని

లేతు యంత్రమునందు బల్లను ముందునకు వెనుకకు నడపు బాల్ స్క్రూను మన పాఠకులలో పెక్కండ్రు చూచియుండరు. సామాన్యమైన మరమేకునందు లోహము లోహముతో రాచుకొనుటచే, పెట్టిన శ్రమలో సగమునకు పైగా రాపిడికే పోవును. బాల్ స్క్రూలోనో, స్క్రూకును నట్టునకును నడుమ ఉక్కు గుండ్లు దొర్లుచు, తుదకు వచ్చినవి వంపుగొట్టము గుండ మరల తొలిచోటికి జేరుచుండును. అందుచే శ్రమలో నూటికి 90 పాళ్లు పనికి వచ్చును.

తెలియనివాడు నట్టును ఊరక త్రిప్పి ఊడదీసెనేని గుండ్లన్నియు నేలపాలగును. తెలిసినవాడు స్క్రూ చాలు అడుగు వ్యాసముకంటె కొంచెము సన్నని గొట్టమును చివర ఆనించి, నట్టును దానిమీదికి జరుపును. మరల కూర్చునపుడు చాళ్లకు గ్రీజు పూసి గుండ్ల నొక్కొక్కటిగా అంటించును. వరుసను నిండ క్రుక్కరాదు. రవంత ఖాళీ యుండిననే అవి తిరుగును.

ఇట్లు కూర్చువేళ రెండు గుండ్లు బల్లక్రిందికి దొర్లి కానరాకపోయిన వనుకొందము. అంగడిలో అదే కొలతవి దొరకును. కాని పాతవి అరిగి, మిల్లీమీటరున వేయవవంతులు కొన్ని తగ్గియున్నవి. క్రొత్తవి రెండును వానిలో కలిపినచో భారము ముఖ్యముగా వానిమీదనే పడి, చాలు చెడును. రెండు తక్కువగా కూర్చుటయే అంతకంటె మేలు. మిగిలినవి భారమును పంచుకొనును. లెక్క సరిపోయిన నట్టే ఇచట ఎక్కువ అపాయకరమైనది! చేతితో త్రిప్పిచూచిన యజమానికి రెండును నునుపుగానే తోచును.

పనివాడు ఈ సంగతి చెప్పవలెనా? అడుగలేదు గనుక చెప్పలేదు, అబద్ధమాడలేదు గదా యని కొంద రందురు. మే మొప్పుకొనము. ఉన్నదని యెఱుగని దానిని ఎవడు అడుగగలడు? మనము చూడలేని చోట చూచుటకే గదా వానికి కూలి యిచ్చుట. చూచినదానిని దాచిన యెడల, ఇచ్చిన కూలికి రావలసిన దానిలో ముఖ్యభాగమే మనకు రాలేదు.

అయితే తప్పంతయు వానిమీద మోపుటకు మాకు నోరాడదు. సాయంకాలమునకే కావలెనని తొందరపెట్టువారము మనమే. నిజము చెప్పి, గుండ్లన్నియు మార్చవలెను, ఇంత యెక్కువగునన్న వానిని విడిచి, మాటాడక పని ముగించు ప్రక్క అంగడికి పోవువారమును మనమే. నిజము చెప్పినవాడు బేరము పోగొట్టుకొనును. ఇంట పిల్లలున్నవానికి ఇది చిన్ననష్టము కాదు. ఐనను ఆ యంత్రముమీద రేపు పనిచేయువాడు వేఱొకడు. నట్టు పట్టివేసి పని చెడినపుడు మాట పడువాడు వాడే. ఈ బేరములో వానికి పాలు లేదు. వానిని తలచియైనను చెప్పవలసినదే యని మా యభిప్రాయము. చెప్పినపిదప గుండ్లన్నియు మార్పించుటయో, రెండు తక్కువగనే కొన్నాళ్లు నడుపుటయో యజమాని యిష్టము.