ముల్లు లేవలేదు

మా మావయ్య లారీకి ఇరవై రెండేళ్ళు. మొన్న డిసెంబర్లో గాజువాకలో ఇనప ఊచల లోడు ఎత్తుకుని శ్రీకాకుళం బయల్దేరితే నేనూ ఎక్కాను. సబ్బవరం, పెందుర్తి దాటి ఆనందపురం జంక్షన్‌కి వచ్చేసరికి టెంపరేచర్ మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. ముందు నుంచి తెల్లగా ఏదో లేచింది. "పొగ!" అని అరిచాడు క్లీనర్ కుర్రాడు. పొగ కాదు, ఆవిరి. కొండ మీద పొగని చూసి నిప్పుందని తెలుసుకోవడం మన న్యాయశాస్త్రంలో అనుమానానికి పేరుపడ్డ ఉదాహరణ. మంచునో ఆవిరినో పొగ అనుకుంటే ఏమవుతుందో కూడా ఆ తార్కికులు ఆలోచించారు. కుర్రాడు అంత ఆలోచించలేదు. గుడ్డ వేసి రేడియేటర్ మూత తిప్పబోయాడు. మావయ్య చెయ్యి పట్టుకుని లాగేశాడు. మూత బిగించి ఉంటే లోపలి నీళ్ళు ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన క్షణాన మరిగి మొహం మీదకి లేస్తాయి.

చల్లారాక మెకానిక్ వచ్చాడు. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. ఆయిల్ కడ్డీ తీశాడు, ఆయిల్ పాలరంగుకి మారలేదు. నీళ్ళు పోసి స్టార్ట్ చేయించాడు, రేడియేటర్లో బుడగలు లేవలేదు. అంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానం తగ్గింది. కాసేపు నడిపాక పై హోసు పట్టుకుంటే చెయ్యి కాలింది, కింది హోసు గోరువెచ్చన. రేడియేటరే అనుకున్నాడు, అయినా వాల్వుని వదల్లేదు. థర్మోస్టాట్ వాల్వులో మైనం ఉంటుంది. దాదాపు 80 డిగ్రీల దగ్గర అది ఉబ్బి నీళ్ళకి తలుపు తీస్తుంది. టీకొట్లో గిన్నె అడిగి, నీళ్ళు కాచి, వాల్వుని తీగకి కట్టి వేలాడదీశాడు. మా కళ్ళముందే నోరు తెరిచింది.

"వాల్వుకేటండి, బంగారం" అన్నాడు. బోరు నీళ్ళు పోసి పోసి రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుపోయిందట. దింపి, విప్పించి, శుభ్రం చేయించాలి.

మావయ్య దగ్గర అంత డబ్బు లేదు. పైగా లారీ అప్పటికే బేరంలో ఉంది. "వాల్వు పెట్టకుండా మూసెయ్" అన్నాడు. మెకానిక్ ఒకసారి నా వంక చూసి మూసేశాడు.

వాల్వు పీకేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని చాలామంది నమ్మకం. పీకేస్తే జరిగేది ఇంజన్ ఆలస్యంగా వేడెక్కడం. ఎక్కువ డీజిల్ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వే తెరుచుకునేటప్పుడు అడ్డదారిని మూస్తుంది. అది లేకపోతే వేడినీళ్ళలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే వెనక్కి పోతుంది, లోడు మీద ఇంజన్ ఇంకా కాగుతుంది. తప్పు రేడియేటర్‌ది, శిక్ష వాల్వుకి.

సంక్రాంతి ముందు కొనే ఆయన వచ్చాడు. తెల్లవారుజాము చలి, ఖాళీ లారీ, ఆనందపురం నుంచి తగరపువలస దాకా వెళ్ళి వెనక్కి. ముల్లు కదిలితే ఒట్టు. దిగాక ఆయన మావయ్యని కాదు, నన్ను అడిగాడు. "చదువుకున్నోడివి, నువ్వు చెప్పు బాబూ. వేడెక్కుతాదేటి?"

"ఇప్పుడైతే లేదండి" అన్నాను.

అందులో అబద్ధం ఎక్కడుందో చూపించమంటే కష్టం. క్లిఫర్డ్ అనే ఇంగ్లండు గణితవేత్త 1877లో 'నమ్మకపు నీతి' అనే అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాశాడు. అందులో ఓ ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతది, చాలాసార్లు మరమ్మతు చేసింది. అనుమానాలు వస్తే నొక్కేసుకుంటాడు. ఇన్ని ప్రయాణాలు చేసింది, ఇదీ చేస్తుందని నిజాయితీగానే నమ్మి, వలసపోయే కుటుంబాలని ఎక్కించి పంపుతాడు. ఓడ మునుగుతుంది, ఇన్సూరెన్సు డబ్బు వస్తుంది. మునగకుండా ఒడ్డు చేరినా అతని దోషం రవ్వంత తగ్గదంటాడు క్లిఫర్డ్. ఈ మాట గాల్లోంచి అన్నది కాదు. సూర్యగ్రహణం చూడబోయి 1870లో సిసిలీ తీరాన తనే ఓడ ప్రమాదంలో చిక్కి బయటపడ్డాడు.

ఓడ యజమానికి మరమ్మతు చేయించే స్తోమత ఉంది, మావయ్యకి లేదు. ఏసీ గదిలో జీతం తీసుకునే నేను ఈ నీతి ఆయనకి చెప్పలేను, చెప్పలేదు కూడా. కానీ తీసుకునే ధర తగ్గించడానికి డబ్బున్నవాడే కానక్కర్లేదు. ఇంకో తేడా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అతను తనని తాను నమ్మించుకోడానికి ఎంతో కష్టపడ్డాడు. మాకు ఆ శ్రమే లేదు. గిన్నెలో నోరు తెరిచిన వాల్వుని చూశాం, జబ్బు ఎక్కడుందో తెలుసు. అబద్ధం చెప్పే పని ముల్లుకి అప్పజెప్పి పక్కన నిలబడ్డాం. అది పాడైన మీటరు కూడా కాదు, పాపం, ఉన్నదే చూపించింది.

రాత్రిపూట హైవే మీద లోడుతో ఆ లారీ ఆగితే మూత తిప్పడానికి వెళ్ళేది ఇంకో క్లీనర్ కుర్రాడు. అతని చెయ్యి పట్టుకుని లాగే మావయ్య అక్కడ ఉండడు.

శివరాత్రి వెళ్ళి ఎండ ముదిరాక ఓ రాత్రి ఆయనకి ఫోన్ చేశాను. వాల్వు లేదన్నాను, రేడియేటర్ పూడుకుపోయిందన్నాను, ఆరోజే తెలుసన్నాను. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. పెట్టేశాడనుకున్నాను.

"ఆ పీకిన వాల్వు పారేశారా, ఉందా?" అన్నాడు.

మావయ్య ఇంట్లో మేకుల డబ్బాలో ఉంది. పొద్దున్నే తెస్తానన్నాను.